చెయ్యి తగిలిందా, దారి ఆపిందా? ఎన్‌బీఏ 'లాస్ట్ టూ మినిట్ రిపోర్ట్'పై ఒక సమీక్ష

బాస్కెట్‌బాల్‌లో హ్యాండ్ చెకింగ్ (డిఫెండర్ ఎదుటి ఆటగాడి ఒంటిపై చెయ్యి ఆనించి అడ్డుకోవడం) మీద జరిగే వాదన ఎప్పుడూ ఒకచోటే తిరుగుతుంది. డిఫెండర్ చెయ్యి వేశాడని ఒకరంటారు. చెయ్యి తగిలినంత మాత్రాన ఫౌల్ ఎలా అవుతుందని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా సగం సగమే నిజం. రూల్ పుస్తకం చదివితే మిగతా సగం తెలుస్తుంది గానీ కంటికి అలవాటు పడదు. ఆ అలవాటు కోసం రెఫరీలు, కోచ్‌లు, ఆటని కాస్త లోతుగా చూసేవాళ్లు వెతుక్కునే వాటిలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఉచితంగా ఇచ్చే 'లాస్ట్ టూ మినిట్ రిపోర్ట్' ఒకటి. మ్యాచ్ ఆఖర్లో రెఫరీలు ఇచ్చిన తీర్పుల్లో ఏది సరైనది, ఏది తప్పు అని ఇది చెబుతుంది. 2015 మార్చిలో మొదలైంది. ఖాతా తెరవక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. ఎన్‌బీఏ అఫీషియేటింగ్ వెబ్‌సైట్‌లో మ్యాచ్ మరుసటి రోజుకల్లా వస్తుంది. చేతులతో చేసే ఫౌల్స్, అక్రమ కాంటాక్ట్ నేర్చుకోవడానికి ఇది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

ముందుగా దీని పరిధి. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో ఏదో ఒక క్షణంలోనైనా స్కోర్ తేడా మూడు పాయింట్లు, లేదా అంతకంటే తక్కువ ఉన్న మ్యాచ్‌లకే రిపోర్ట్ వస్తుంది. ఓవర్‌టైమ్ జరిగితే దాని చివరి రెండు నిమిషాలు కూడా చేరతాయి. ఆ వ్యవధిలో ఊదిన ప్రతి విజిల్‌నీ లీగ్ మళ్లీ పరిశీలిస్తుంది. ఊదని వాటిలో ఆ పొసెషన్ (బంతి ఒక జట్టు చేతిలో ఉన్న దఫా) ఫలితంతో నేరుగా సంబంధం ఉన్నవాటినే తీసుకుంటుంది. ఒక్కో సంఘటనకి ఒక్కో వరస. అందులో క్వార్టర్, గడియారంలో మిగిలిన సమయం, కాల్ రకం, ఫౌల్ చేసిన (లేదా చేశాడని అనుమానం ఉన్న) ఆటగాడు, నష్టపోయిన ఆటగాడు, తీర్పు, వీడియో లింక్, కింద ఒకటి రెండు వాక్యాల వివరణ ఉంటాయి.

తీర్పులు నాలుగే. సీసీ అంటే సరైన కాల్. ఐసీ అంటే తప్పు కాల్. సీఎన్‌సీ అంటే ఊదకపోవడం సరైనది. ఐఎన్‌సీ అంటే ఊదాల్సింది, ఊదలేదు. రిపోర్ట్‌లో బయటపడే తప్పుల్లో ఈ చివరి రకానిదే పెద్ద వాటా. లేని ఫౌల్ ఇవ్వడం కంటే ఉన్న ఫౌల్ వదిలేయడమే రెఫరీలకి ఎక్కువగా జరుగుతుంది. చేతుల ఫౌల్స్‌లో ఇది మరీ ఎక్కువ. కారణం కంటికి, కోణానికి సంబంధించింది, దాని సంగతి తర్వాత.

వీటికి తోడు బ్రాకెట్ వరసలు కొన్ని ఉంటాయి. చాలామంది వీటిని చూడకుండా దాటేస్తారు. వీడియోని ఆపి, పెద్దది చేసి, స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే తప్ప కనపడని విషయాన్ని రిపోర్ట్ బ్రాకెట్లలో పెడుతుంది, రెఫరీ తప్పుగా మాత్రం లెక్కించదు. పొసెషన్‌తో నేరుగా సంబంధం లేనివీ ఇందులోకే వస్తాయి. ఇది చాలా నిజాయితీగల పద్ధతి. మనిషి కన్ను మామూలు వేగంలో ఎంతవరకు పట్టగలదో గీత గీసి చెబుతుంది. వేలికొసలు నడుముకి తగిలి క్షణంలో వెనక్కి వెళ్లిన సంఘటన బ్రాకెట్లలో కనపడితే, అది మైదానంలో మీరు పట్టుకోవాల్సిన జాబితాలో లేదనే అర్థం.

ఇక అసలు సరుకు. రిపోర్ట్‌లోని వివరణలు అర్థం కావాలంటే వాటి వెనకున్న రూల్ తెలియాలి. బంతి ఉన్న ఆటగాడిని కాపలా కాసే డిఫెండర్ తనే కల్పించుకున్న కాంటాక్ట్ చట్టబద్ధం కాదన్నది ఎన్‌బీఏ రూల్ 12లోని మూలసూత్రం. ముంజేయి, అరచేయి, ఒంటితో అడ్డుకోవడం, అన్నీ ఇందులోకే వస్తాయి. ఎదుటివాడి దారి మళ్లిపోయేలా కాంటాక్ట్ జరిగితే వెంటనే విజిల్ పడాలి. దీనికి మినహాయింపులు ఉన్నాయి. ఫ్రీ త్రో లైన్‌ని రెండు పక్కలకీ పొడిగించి ఊహించుకోండి. దానికి దిగువన, రింగ్‌కి వీపు చూపిస్తూ బంతి పట్టుకున్నవాడిపై ముంజేయి ఆనించవచ్చు. లోయర్ డిఫెన్సివ్ బాక్స్ అనే చోట, అంటే రింగ్ వెనకున్న ఎండ్ లైన్‌కీ, ఫ్రీ త్రో వృత్తం అడుగు కొసకీ మధ్య, లేన్‌కి (రింగ్ ముందు గీతల మధ్య ప్రాంతం) రెండు వైపులా మూడేసి అడుగుల దాకా ఉన్న ప్రాంతంలో, బంతి ఉన్నవాడిపై ముంజేయి ఎప్పుడైనా పెట్టవచ్చు. అక్కడే పోస్ట్‌లో, అంటే రింగ్ దగ్గర దానికి వీపు పెట్టి, నిలబడ్డవాడిపై అయితే, మోచేయి వంచి ఉన్నంతవరకు ఒక చెయ్యి కూడా ఆనించవచ్చు. ఇవన్నీ తన చోటు కాపాడుకోవడానికి మాత్రమే. అదే చేత్తో అవతలివాణ్ణి చోటు నుంచి కదిపితే మినహాయింపు పోయినట్టే.

ఆఖరి మినహాయింపే అసలు తాళంచెవి. చెయ్యి తగిలినా, అది ఆటగాడి వేగాన్ని, చురుకుని, నిలకడని, లయని మార్చకపోతే పట్టించుకోనవసరం లేదు. రెఫరీలు ఈ నాలుగింటినీ ఇంగ్లిష్ మొదటి అక్షరాలతో 'ఆర్ఎస్‌బీక్యూ' అంటారు: రిథమ్, స్పీడ్, బ్యాలెన్స్, క్విక్‌నెస్. రిపోర్ట్‌లోని వివరణల్లో చాలా ఈ పరీక్ష చుట్టే తిరుగుతాయి. కాంటాక్ట్ జరిగిందా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. దానివల్ల ఏమైంది అన్నదే తీర్పు. 'మార్జినల్ కాంటాక్ట్' అని రాస్తే తగిలింది గానీ ఏమీ మారలేదని అర్థం. 'ఇన్సిడెంటల్' అని ఉంటే ఇద్దరూ హక్కున్న పని చేస్తుండగా కాకతాళీయంగా తగిలిందని. ఆటగాడి డ్రైవ్‌పై (రింగ్ వైపు దూసుకెళ్లడంపై), షాట్‌పై ప్రభావం పడిందని రాస్తే ఫౌల్ కిందకి వచ్చేసినట్టే.

ఈ మాటల పొందిక చదవగా చదవగా మీ కన్ను ఎక్కడికి పోవాలో తెలుస్తుంది. కొత్త రెఫరీలు బంతిని చూస్తారు. కాస్త అనుభవం వచ్చినవాళ్లు డిఫెండర్‌ని చూస్తారు. ఆ తర్వాతి దశలో ఉన్నవాళ్లు డిఫెండర్ చెయ్యి పడిన చోటు చూసి, మరుక్షణం బంతి ఉన్నవాడి భుజం, అడుగు, తర్వాతి డ్రిబుల్ గమనిస్తారు. ప్రభావం కనపడేది అక్కడే. తుంటి మీద అరచేయి ఆనించి మెల్లగా పక్కకి నడిపిస్తే డ్రిబ్లర్ గీసుకున్న సూటి గీత వంకర పోతుంది. అడుగు ఒకటి ఎక్కువ పడుతుంది, లేదా భుజం రింగ్ వైపు తిరగాల్సింది సైడ్‌లైన్ వైపు తిరుగుతుంది. బంతి నడుము ఎత్తుకి లేవాల్సింది ఛాతీ దాకా లేస్తుంది, లేకపోతే డ్రిబుల్ అక్కడితో ఆపి రెండు చేతులతో పట్టేసుకుంటాడు. వీటిలో ఏదీ జరగకుండా అతను డిఫెండర్‌ని దాటి లేఅప్‌కి (రింగ్ దగ్గరికి చేరి వేసే సులువైన షాట్‌కి) వెళ్లిపోతే ఆ చెయ్యి వదిలేయాల్సిందే. అక్కడ విజిల్ ఊదితే దెబ్బ తిన్నవాడికే నష్టం: సులువుగా దొరికే రెండు పాయింట్లు పోయి సైడ్ నుంచి బంతి వస్తుంది.

మోచేయి కూడా చెబుతుంది. వంగిన మోచేయి అంటే డిఫెండర్ దూరం కొలుచుకుంటున్నాడు. మోచేయి చాచుకుపోయిందంటే నెడుతున్నాడు. సీఎన్‌సీ, ఐఎన్‌సీ వీడియోల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఒక్కటే చాలాచోట్ల తీర్పుని విడదీస్తున్నట్టు కనపడుతుంది. రిపోర్ట్ ఈ సంగతి విడమరచి చెప్పదు, మీరే పట్టుకోవాలి.

దీని బలం బాగా తెలిసేది పెద్ద మ్యాచ్‌ల్లో. 2024 ఏప్రిల్ 22న ఫిలడెల్ఫియా, న్యూయార్క్ జట్ల ప్లేఆఫ్ రెండో మ్యాచ్ తీసుకోండి. ఆఖరి క్షణాల్లో ఇన్‌బౌండ్ పాస్ (గీత బయట నుంచి లోపలికి విసిరే బంతి) అందుకోబోయిన ఫిలడెల్ఫియా ఆటగాడు టైరీస్ మ్యాక్సీ జెర్సీని న్యూయార్క్ ఆటగాడు జేలన్ బ్రన్సన్ పట్టుకోవడం, ఆ వెంటనే అదే జట్టులోని జాష్ హార్ట్ అతనికి తగలడం, రెండూ ఊదాల్సిన ఫౌల్స్ అని రిపోర్ట్ ఒప్పుకుంది. న్యూయార్క్ 104-101తో గెలిచేసింది, ఆ ఫలితం మారలేదు. నేర్చుకునేవాడికి ఇక్కడ పనికొచ్చేది మొదటి సంఘటన. బంతి ఇంకా మ్యాక్సీ చేతికి రాలేదు. బంతి లేనివాడి జెర్సీ పట్టుకున్నా, పాస్ వైపు కదలకుండా ఆపితే ప్రభావం పడ్డట్టే. చేతుల ఫౌల్ అనగానే బంతి ఉన్నవాడి నడుమే గుర్తొచ్చేవాళ్లకి ఈ క్లిప్ మంచి మందు.

2016 మే 2న శాన్ ఆంటోనియోపై ఓక్లహోమా సిటీ 98-97తో గెలిచిన మ్యాచ్ ఇంకా చిత్రమైనది. సైడ్‌లైన్ బయట నుంచి బంతి విసరబోతున్న ఓక్లహోమా ఆటగాడు డయాన్ వెయిటర్స్ ముంజేతితో శాన్ ఆంటోనియో ఆటగాడు మను జినోబిలీని వెనక్కి నెట్టాడు. విజిల్ లేదు. అది అఫెన్సివ్ ఫౌల్ (బంతి ఉన్న జట్టువాడు చేసిన ఫౌల్) అని ఆ రాత్రే రెఫరీలు ఒప్పుకున్నారు, మర్నాడు రిపోర్ట్ కూడా అదే చెప్పింది. అంతటితో ఆగక, అదే పొసెషన్‌లో దొర్లిన మరికొన్ని వదిలేసిన కాల్స్ కూడా వరసపెట్టి రాసింది. ఎవరూ ఊహించని పని ఎవరైనా చేస్తే ముగ్గురు రెఫరీల కళ్లూ ఒక్క క్షణం ఆగిపోతాయి. ఆ క్షణంలో లేన్‌లో జెర్సీలు పట్టుకునేవాళ్లు, తోసుకునేవాళ్లు అందరూ తప్పించుకుంటారు. ఒక రిపోర్ట్‌ని వరసలుగా కాకుండా గొలుసుగా చదవాలని ఈ మ్యాచ్ నేర్పుతుంది.

ఇక లోపాలు. అతి పెద్దది పేరులోనే ఉంది. మ్యాచ్ 48 నిమిషాలు, రిపోర్ట్ చూసేది 2. అంటే నూటికి నాలుగు వంతులు. హ్యాండ్ చెకింగ్ విషయంలో అవి సరిగ్గా పనికిరాని నాలుగు వంతులు. చేతుల లెక్క తేలేది మొదటి క్వార్టర్ మొదటి మూడు నాలుగు నిమిషాల్లో. డిఫెండర్ తొలి పొసెషన్‌లోనే డ్రిబ్లర్ తుంటిపై చెయ్యి ఆనించి చూస్తాడు. విజిల్ పడిందా, తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. పడలేదా, రెండోసారి కాస్త గట్టిగా ఆనిస్తాడు, మూడోసారి నెడతాడు. నాలుగో క్వార్టర్‌లో ఒక్కసారిగా ఊదితే ఇంతసేపు లేనిది ఇప్పుడెందుకని అడుగుతాడు, ఆ అడగడంలో న్యాయం ఉంది. ప్రమాణం ఎప్పుడు పెట్టారు, మ్యాచ్ అంతా దాన్ని నిలబెట్టారా అన్నది రెఫరీ పనిలో సగం. ఆ సగం రిపోర్ట్‌కి కనపడదు. 46వ నిమిషం దాకా వదిలేస్తూ వచ్చిన చెయ్యిని 47వ నిమిషంలో పట్టుకుంటే అది సీసీగా నమోదవుతుంది, రెండు జట్లకీ అది అన్యాయంగా తోచినా సరే.

చివరి రెండు నిమిషాల ఆట తీరు కూడా వేరు. వెనకబడిన జట్టు గడియారం ఆపడానికి కావాలని ఫౌల్ చేస్తుంది. అప్పటికి ఆ క్వార్టర్‌లో నాలుగు టీమ్ ఫౌల్స్ కాని జట్టుకైనా చివరి రెండు నిమిషాల్లో ఒక్క ఫౌలే ఉచితం, రెండోదాని నుంచి ఫ్రీ త్రోలే. కాబట్టి ముందున్న జట్టు డిఫెండర్లు చేతులు దాచుకుంటారు. మూడో క్వార్టర్‌లో పూర్తి కోర్ట్ ప్రెస్ (మైదానం పొడవునా వెంటపడి కాపలా కాయడం) చేస్తూ డ్రిబ్లర్‌ని ముంజేతితో సైడ్‌లైన్ వైపు తరిమే దృశ్యాలు ఇక్కడ అరుదు. నేర్చుకోవాల్సిన అసలు హ్యాండ్ చెక్‌లు రిపోర్ట్‌లో తక్కువగా దొరకడానికి ఇదీ ఒక కారణం.

రెండో లోపం కోణం. తీర్పు ఇచ్చేవాళ్లు చాలా కెమెరాలు చూస్తారు, మైదానంలో రెఫరీకి ఉన్నది రెండు కళ్లు. చెయ్యి కనపడాలంటే ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఉన్న సందు కనపడాలి. డిఫెండర్ వీపు వెనక వరసలో నిలబడితే ఏమీ తెలియదు. దీన్ని రెఫరీలు 'స్ట్రెయిట్‌లైన్ అయిపోవడం' అంటారు. టాప్ దగ్గర, అంటే ఫ్రీ త్రో వృత్తం పైభాగంలో, డ్రిబ్లర్ కుడివైపుకి పోతున్నాడు, డిఫెండర్ అవతలి చెయ్యి అతని ఎడమ తుంటి మీద ఉంది, పైన నిలబడే ట్రెయిల్ రెఫరీ సరిగ్గా వాళ్ల వెనక ఉన్నాడు అనుకోండి. ఆ రెఫరీకి రెండు జెర్సీ నంబర్లు తప్ప ఇంకేమీ కనపడదు. ఒకటి రెండు అడుగులు పక్కకి జరిగితే సందు తెరుచుకుంటుంది. జరగలేకపోతే ఎదురు సైడ్‌లైన్ వైపు ఉండే స్లాట్ రెఫరీ సాయం చేయాలి. రిపోర్ట్ 'ఐఎన్‌సీ' అని రాసి ఊరుకుంటుంది. ఎవరి ప్రాంతం, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎన్ని అడుగులు జరిగి ఉంటే కనపడేది, ఒక్క ముక్క ఉండదు. రెఫరీకి కావాల్సింది మాత్రం అదే. తీర్పు తప్పని తెలిస్తే బాధ తప్ప లాభం లేదు, కాళ్లు ఎక్కడ తప్పాయో తెలిస్తే రేపు సరిదిద్దుకోవచ్చు.

అందుకే రిపోర్ట్ చదివేటప్పుడు ఐఎన్‌సీ కనపడగానే వీడియోలో ఆటగాళ్లని వదిలేసి రెఫరీల్ని వెతకండి. మైదానంలో ముగ్గురు ఉంటారు: బేస్‌లైన్ దగ్గర లీడ్, పైన ట్రెయిల్, ఎదురు సైడ్‌లైన్ వైపు స్లాట్. కాంటాక్ట్ జరిగిన క్షణంలో ఎవరికి సందు కనపడుతోందో చూడండి. ఫ్రేమ్‌లో లేకపోతే తర్వాతి షాట్‌లో వాళ్లు ఎటు నుంచి వస్తున్నారో చూసి అంచనా వేయండి. పది క్లిప్‌లు ఇలా చూస్తే రిపోర్ట్ చెప్పని పాఠం మీకే తెలిసిపోతుంది.

మూడోది చిన్న విషయమే అయినా రోజూ చిరాకు పెడుతుంది. కాల్ రకాల్లో హ్యాండ్ చెక్‌కి వేరే పేరు లేదు. పర్సనల్, షూటింగ్, అఫెన్సివ్, లూజ్ బాల్ (బంతి ఎవరి చేతిలోనూ లేనప్పటిది) అంటూ విభజిస్తారు, చేతుల ఫౌల్స్ పర్సనల్ అనే గంపలో కలిసిపోతాయి. బ్లాక్ (దారికి అడ్డుపడడం), హోల్డింగ్ (పట్టుకోవడం), పుష్ (నెట్టడం), అన్నీ ఆ గంపలోవే. కావాల్సిన క్లిప్ కోసం వివరణలు ఒక్కొక్కటే చదువుకుంటూ పోవాలి. ఆ వివరణలు కూడా కొన్నిసార్లు మరీ పొదుపు. ప్రభావం పడిందని ఉంటుంది, దేనిపై పడిందో ఉండదు: వేగమా, నిలకడా, లయా?

ఆటగాళ్లకీ రెఫరీలకీ దీనిపై మంచి అభిప్రాయం లేదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2016 క్రిస్మస్ నాడు క్లీవ్‌లాండ్ 109-108తో గోల్డెన్ స్టేట్‌ని ఓడించినప్పుడు, ఆఖరి పొసెషన్‌లో గోల్డెన్ స్టేట్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్‌పై రిచర్డ్ జెఫర్సన్ ఫౌల్ చేశాడని రిపోర్ట్ చెప్పింది. తీర్పు తనకే అనుకూలంగా వచ్చినా డ్యురాంట్ ఈ రిపోర్ట్‌నే తిట్టిపోశాడు, రెఫరీల్ని బలిపెడుతున్నారన్నాడు. రెఫరీల సంఘం కూడా దీన్ని ఆపేయమని బహిరంగంగా అడిగింది. వాళ్ల బాధ అర్థం చేసుకోదగిందే. నేర్చుకునేవాడి వైపు నుంచి చూస్తే మాత్రం, రెఫరీల తప్పుల్ని వీడియోతో సహా బయటపెట్టే సాధనం ఉచితంగా దొరకడం చిన్న విషయం కాదు.

ఏ సీజన్ నుంచి చూడాలన్నది కూడా ముఖ్యం. ఎన్‌బీఏలో చేతుల రూల్ ఒక్కసారిగా వచ్చింది కాదు. 1978-79లో హ్యాండ్ చెకింగ్‌ని కట్టడి చేసే ప్రయత్నం మొదలైంది. 1994-95లో, సొంత ఎండ్ లైన్ నుంచి అవతలి ఫ్రీ త్రో లైన్ దాకా దాన్ని నిషేధించారు. 2004-05లో మళ్లీ బిగించారు, డ్రిబ్లర్లకి మైదానం తెరుచుకున్నది అప్పుడే. 1990ల క్లిప్‌లు పెట్టి అప్పట్లో ఇది ఫౌల్ కాదని వాదించేవాళ్లు నిజమే చెబుతున్నారు, అయితే అది ఇప్పటి ప్రశ్నకి జవాబు కాదు. రిపోర్ట్ మొదలైంది 2015లో కాబట్టి దానిలోని వరసలన్నీ ఇప్పటి రూల్ కిందవే. ఆ తర్వాత 2021-22లో ఇంకో మలుపు ఉంది. షూటర్ కావాలని డిఫెండర్ మీదకి వాలడం, దారి వదిలి పక్కకి దూసుకెళ్లి ఢీకొట్టడం, కాలు చాచడం, ఖాళీ చేత్తో డిఫెండర్ చెయ్యిని కొక్కెంలా పట్టి లాగడం, వీటికి ఆ ఏడాది నుంచి షూటింగ్ ఫౌల్ ఇవ్వడం మానేశారు. అయితే అఫెన్సివ్ ఫౌల్, లేకపోతే విజిలే ఉండదు. కాబట్టి మొదటిసారి చదివేవాళ్లు 2021-22 తర్వాతి రిపోర్ట్‌లతో మొదలుపెట్టడం మంచిది. అంతకుముందువి చూస్తే, చేతులు కలిసిన షాట్ల దగ్గర తీర్పులు ఇప్పటికి పొసగవు.

ఎన్‌బీఏదే ఇంకో ఉచిత సేవ ఉంది, వీడియో రూల్‌బుక్. ఒక్కో రూల్‌కి క్లిప్‌లు, ఒక్కో క్లిప్‌కి వివరణ. రిపోర్ట్‌తో పోలిస్తే ఇందులో సంఘటనలు శుభ్రంగా ఉంటాయి. ఇది ఫౌల్, ఇది కాదు అని ఎవరికైనా తెలిసేవే ఏరి పెట్టారు. మైదానంలో అలాంటివి ఎవరినీ ఇబ్బంది పెట్టవు, ఇబ్బంది పెట్టేవి రిపోర్ట్‌లో ఉంటాయి. అయినా వరస మాత్రం రూల్‌బుక్ ముందు, రిపోర్ట్ తర్వాత. అక్షరాలు రాకుండా వ్యాకరణం చదవలేం కదా. హ్యాండ్ చెకింగ్, లోయర్ డిఫెన్సివ్ బాక్స్, బ్లాక్-చార్జ్ (ఢీకొన్నప్పుడు తప్పు డిఫెండర్‌దా, దూసుకొచ్చినవాడిదా అన్నది) క్లిప్‌లు ఒక పూట చూసుకుని రిపోర్ట్‌కి రండి.

రిపోర్ట్ వాడే తీరు గురించి. తీర్పు గడిని ముందే చూస్తే అంతా వృథా, కన్ను ఆ తీర్పుని సమర్థించే ఆధారాలే వెతుక్కుంటుంది. తెరపై ఆ గడిని కాగితంతో కప్పినా సరే. వీడియో మామూలు వేగంలో ఒక్కసారే ఆడించండి, ఆపొద్దు. ఆగిన వెంటనే మూడు ముక్కలు పైకి అనండి: ఎవరు, ఏ చెయ్యి, దానివల్ల ఏం మారింది. మూడోదానికి జవాబు రాకపోతే మీ తీర్పు 'ఫౌల్ కాదు' అనే రాసుకోండి, ఎంత గట్టిగా తగిలినట్టు అనిపించినా. అప్పుడు తీర్పు చూడండి. కలవకపోతేనే స్లో మోషన్. అక్కడ కూడా వరస ఉంది: మొదట డిఫెండర్ పాదాలు, తర్వాత మోచేయి, ఆ తర్వాత డ్రిబ్లర్ తర్వాతి అడుగు. స్లో మోషన్‌లో ప్రతి స్పర్శా భయంకరంగా కనపడుతుంది, చిన్న తాకిడి కూడా తోపులాగే ఉంటుంది. అందుకే అది సరిచూసుకోవడానికే తప్ప తీర్పు చెప్పడానికి కాదు. ఒక్క కూర్చోవడంలో పది పన్నెండు వరసలు చాలు, ఆ తర్వాత కన్ను మొద్దుబారుతుంది. వరసల ఎంపికలో సీఎన్‌సీలకి పెద్దపీట వేయండి. తప్పుల జాబితా చదవడం సరదాగానే ఉంటుంది గానీ, ఊదకుండా ఉండడం నేర్పేవి సీఎన్‌సీలే. విజిల్ నోట్లో పెట్టుకున్నవాడికి అదే కష్టమైన విద్య.

ఒక హెచ్చరిక, దీన్ని చిన్న అక్షరాల్లో వేయడం కుదరదు. ఇదంతా ఎన్‌బీఏ లెక్క. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్ కింద ఊదేవాళ్లు ఇక్కడి తీర్పుల్ని ఉన్నదున్నట్టు ఎత్తుకుపోతే దెబ్బతింటారు. ఫీబా 33వ ఆర్టికల్ కూడా చేత్తో తాకినంత మాత్రాన ఫౌల్ కాదనే అంటుంది, అన్యాయమైన లాభం వచ్చిందా అని చూడమంటుంది. అక్కడితో ఆగదు. ఎదుటివాడి కదలికని ఆపేలా చెయ్యి వేసి అలాగే ఉంచితే ఫౌల్. బంతి ఉన్నా లేకపోయినా, పదే పదే తాకుతూ పొడుస్తూ ఉంటే ఫౌల్, ఎందుకంటే అది మోటు ఆటకి దారి తీస్తుందని రూల్ స్వయంగా కారణం చెబుతుంది. పోస్ట్‌లో కూడా లోయర్ డిఫెన్సివ్ బాక్స్ లాంటి గీతలు లేవు, సిలిండర్ సూత్రమే ఆధారం. ఆటగాడి ముందు అరచేతుల దాకా, వెనక పిరుదుల దాకా, పక్కల చేతులు కాళ్ల అంచుల దాకా అతనిది. చేతులు మోచేతుల దగ్గర వంగి ఉండాలి, వాటిని పాదాల, మోకాళ్ల కంటే ముందుకి చాచకూడదు. చాచిన చేతికి తగిలితే బాధ్యత చాచినవాడిది.

అమెరికా హైస్కూల్ రూల్స్ ఇంకా కఠినం. బంతి ఉన్నవాడిపై రెండు చేతులు వేయడం, చాచిన ముంజేతిని అడ్డం పెట్టడం, ఒక చెయ్యి వేసి ఉంచేయడం, ఒకే చేత్తో గానీ మార్చి మార్చి గానీ ఒకటి కంటే ఎక్కువసార్లు తాకడం, ఈ నాలుగూ 2014-15 నుంచి నేరుగా ఫౌల్. అమెరికా కాలేజీ పురుషుల ఆటలో అంతకు ఒక ఏడాది ముందే ఇలాంటిదే తెచ్చారు. అక్కడ ప్రభావం పడిందా అన్న ప్రశ్నే అడగరు. కాలే పొయ్యిని తాకినట్టు ఒక్కసారి తాకి చెయ్యి తీసేస్తే సరి, లేకపోతే విజిలే. ఎన్‌బీఏ రిపోర్ట్‌లో సీఎన్‌సీగా వచ్చిన క్లిప్ ఒకటి తీసుకెళ్లి హైస్కూల్ రెఫరీకి చూపిస్తే అతను ఫౌల్ అంటాడు, ఇద్దరూ సరైనవాళ్లే. హైస్కూల్ మ్యాచ్‌లు ఊదేవాళ్లు ఈ రిపోర్ట్‌ని షూటింగ్ కాంటాక్ట్, స్క్రీన్లు (సహచరుడి కోసం డిఫెండర్ దారికి అడ్డుగా నిలబడడం), బ్లాక్-చార్జ్ కోసం వాడుకుని, బంతి ఉన్నవాడిపై చేతుల వరకు పక్కన పెట్టేయడం మేలు.

మార్కులు అడిగితే: ఎన్‌బీఏ ఆట చూసే అభిమానికి 5కి 4. వాదనలు తగ్గవు గానీ, వాదించే భాష మెరుగవుతుంది. ఫీబా రెఫరీకి 3, అది కూడా ఆర్టికల్ 33 పక్కన తెరిచి పెట్టుకుంటేనే. హైస్కూల్ రెఫరీకి 2. కోచ్‌కి మాత్రం నాలుగున్నర. డిఫెండర్లకి చెయ్యి ఎక్కడ తియ్యాలో చెప్పడానికి ఇంతకంటే మంచి క్లిప్‌ల మూట ఉచితంగా దొరకదు. ఆటగాళ్లకి చూపించేటప్పుడు ఐఎన్‌సీలు కాకుండా సీసీలు ఎంచుకోవాలి. ఐఎన్‌సీ చూపిస్తే తప్పించుకోవచ్చన్న ఆశే మిగులుతుంది.

సంజ్ఞలు దీన్నుంచి నేర్చుకోవద్దు. ఫీబాలో హ్యాండ్ చెకింగ్‌కి అరచేతిని పట్టుకుని ముందుకి కదపాలి, హోల్డింగ్‌కి మణికట్టు పట్టుకుని కిందికి చూపాలి, చేతుల దుర్వినియోగానికి మణికట్టుపై కొట్టాలి. స్కోరర్ టేబుల్ దగ్గర ఈ మూడూ కలిపేస్తే మీరు చూసింది ఏమిటో కోచ్‌కి అర్థం కాదు, తర్వాతి పొసెషన్‌లో అదే చెయ్యి మళ్లీ పడుతుంది.